శని, ఆదివారాల్లో మూడు సైకిల్ రేసులు: మొదటిసారి దిగేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

శనివారం పొద్దున టైమ్ ట్రయల్, సాయంత్రం క్రిటీరియం, ఆదివారం పొద్దున రోడ్ రేస్. ఔత్సాహికులకు పెట్టే వారాంతపు సైకిల్ పోటీల్లో ఈ వరుస తరచుగా కనిపిస్తుంది. టైమ్ ట్రయల్‌లో ఒక్కొక్కరినే వదులుతారు, పోటీ గడియారంతోనే. క్రిటీరియంలో ఒకటి రెండు కిలోమీటర్లుండే చిన్న చుట్టు మీద అందరూ కలిసి చాలా రౌండ్లు తిరుగుతారు. రోడ్ రేస్ గంటల తరబడి సాగుతుంది. ఎత్తులు, పల్లాలు, గాలి, ఆకలి అన్నీ అందులోనే.

నేను మొదటిసారి ఇలాంటి వారాంతంలో దిగినప్పుడు మూడు రేసులకూ విడివిడిగా సిద్ధమయ్యాను. వాటి మధ్య ఉండే గంటల గురించి మాత్రం ఆలోచించలేదు. శనివారం పొద్దున బాగానే తొక్కాను. ఆ ఉత్సాహంలో మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి మిగతావాళ్ల రేసులు చూశాను, సరిగా తినలేదు. సాయంత్రం క్రిటీరియం సగం దాటేసరికి కుడి తొడ పట్టేసింది. కాలు చాపుకుని రోడ్డు పక్కన కూర్చున్నప్పుడు ఒక సంగతి అర్థమైంది, ఇప్పటికీ దాన్నే నమ్ముతాను. ఈ మూడింటినీ కలిపి ఒకే పొడుగు రేసుగా చూడాలి. మధ్యలో తినే గంట, పడుకునే గంట కూడా ఆ రేసులోవే. కింద చెప్పేదంతా ఆ ఆలోచన మీదే నడుస్తుంది.

1. పేరు ఇచ్చేముందు

మీ స్థాయికి తగిన కేటగిరీలోనే పేరివ్వండి. కొత్తవాళ్లకు విడిగా కేటగిరీ ఉంటే మొహమాటపడకుండా అందులోనే చేరండి. అక్కడ గెలవడమూ తేలిక కాదు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. పది పదిహేను మంది గుంపులో, ముందు చక్రానికి అర మీటరు దూరంలో, పక్కవాళ్ల మోచేయి తగిలినా కంగారుపడకుండా గంటసేపు తొక్కగలరా? లేకపోతే ముందు అది నేర్చుకోండి. ఎంత బలం ఉన్నా గుంపులో నడపడం రానివాళ్లు తమకూ, చుట్టుపక్కలవాళ్లకూ ప్రమాదమే. టైమ్ ట్రయల్ ఒక్కటీ తొక్కి మిగతా రెండూ వచ్చే ఏడాదికి వదిలేసినా తప్పులేదు.

నిర్వాహకులు పంపే రూల్స్ కాగితం మొత్తం చదవండి. ప్రత్యేకంగా చూడాల్సినవి: సంతకం చేసే గడువు ఎప్పుడు ముగుస్తుంది, నంబరు ఏ వైపు పెట్టుకోవాలి, టైమింగ్ చిప్ ఎక్కడ బిగించాలి, క్రిటీరియంలో పంక్చరైతే ఒక రౌండు మినహాయింపు ఇస్తారా. మరొకటి, మొత్తం ఫలితాన్ని మూడు రేసుల టైమ్ కూడి లెక్కిస్తారా, పాయింట్లతో లెక్కిస్తారా అన్నది. టైమ్ అయితే టైమ్ ట్రయల్‌లో పోయిన ప్రతి సెకనూ ఆదివారం దాకా మీ వెంటే వస్తుంది. పాయింట్లయితే ఎన్ని సెకన్ల తేడా అన్నదానికంటే ఎన్నో స్థానం అన్నదే లెక్క. ఏ రేసులో ఎంత శక్తి ఖర్చు పెట్టాలో దీన్ని బట్టే తేలుతుంది.

2. మూడు వారాల ముందు: ఒక రిహార్సల్

రోజుకొకసారి తొక్కే అలవాటున్న శరీరానికి ఒకే రోజు రెండుసార్లు గట్టిగా తొక్కడం కొత్త. అందుకే రేసుకు సుమారు మూడు వారాల ముందు ఒక శని, ఆదివారాన్ని అచ్చం అలాగే గడపండి. శనివారం పొద్దున 20 నిమిషాలు పూర్తి బలంతో, సాయంత్రం గంటసేపు మధ్యమధ్య చిన్న స్ప్రింట్లతో, ఆదివారం పొద్దున మూడు గంటల రైడ్. ఏ తిండి కడుపులో ఇముడుతుంది, రెండోసారి ఎక్కేటప్పుడు కాళ్లు ఎంతసేపటికి దారిలోకి వస్తాయి, సీటు ఎక్కడ ఒరుసుకుంటుంది, ఇవన్నీ ఆ రెండు రోజుల్లోనే బయటపడతాయి.

చివరి వారంలో తొక్కే దూరాన్ని దాదాపు సగానికి తగ్గించండి. వేగం మాత్రం పూర్తిగా మానొద్దు. మంగళవారమో బుధవారమో ఒకటి రెండు నిమిషాల గట్టి ప్రయత్నాలు నాలుగైదు ఉంటే కాళ్లు మొద్దుబారవు. ఆ వారంలో కొత్త బూట్లు, కొత్త సీటు, కొత్త రకం జెల్ ఏదీ మొదలుపెట్టకండి.

3. సైకిల్‌ను సిద్ధం చేయడం

ఈ పని గురువారానికల్లా అయిపోవాలి. శుక్రవారం రాత్రి ఏదైనా విరిగితే బాగుచేసే టైమ్ ఉండదు.

చైన్ కడిగి, ఆరాక, ఒక్కో లింకుకు ఒక్క చుక్క ఆయిల్ వేసి, పైన మిగిలిన తడిని గుడ్డతో తుడిచేయండి. టైర్లను చేత్తో తిప్పుతూ ప్రతి అంగుళమూ చూడండి. చిన్న గాజు పెంకు టైరులో ఇరుక్కుని రెండు రోజుల తర్వాత లోపలికి దిగడం మామూలే. అలాంటిది కనిపిస్తే సూది మొనతో తీసేయండి. కోత లోతుగా ఉంటే టైరే మార్చేయండి. గేర్లు మార్చే వెనక డిరెయిలర్ వేలాడే చిన్న లోహపు ముక్కను, అంటే హ్యాంగర్‌ను, వెనక నుంచి చూడండి. అది కొంచెం వంగినా గేర్లు సరిగ్గా పడవు. హ్యాండిల్ కొనల్లో మూతలు ఉన్నాయా చూడండి. మూతలేని గొట్టం పడినప్పుడు ఒంట్లో దిగగలదు, అందుకే చాలా రేసుల్లో అలాంటి సైకిల్‌ను లైను దగ్గరికే రానివ్వరు. బూట్ల కింద ఉండి పెడల్లో బిగిసే ముక్కల, అంటే క్లీట్ల, స్క్రూలు బిగించండి. వీటిని చాలామంది మరిచిపోతారు.

గాలి విషయంలో పాత అలవాటు ఒకటి వదిలించుకోవాలి. టైరు రాయిలా ఉంటేనే వేగం అనుకుని నేనూ చాలాకాలం గరిష్ఠ ప్రెషర్ కొట్టాను. గరుకు రోడ్డు మీద అంత గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, మలుపులో పట్టు తగ్గుతుంది. 28 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల మనిషి అయితే 65 నుంచి 75 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి మీకు సరిపడేది చూసుకోండి. వాన పడితే ఇంకో ఐదో పదో తగ్గించండి.

బరువు గురించి బెంగపడొద్దు. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ రూల్స్ ప్రకారం పెద్ద రేసుల్లో సైకిల్ 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదు. మీది రెండు కిలోలు ఎక్కువున్నా, చదునైన రోడ్డు మీద గుంపులో దాక్కోవడం వస్తే ఆ తేడా పెద్దగా తెలియదు. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే ముందు మంచి టైర్ల మీద పెట్టండి.

4. శుక్రవారం రాత్రి: పిన్నీసులు

ఇది చిన్న పనే అయినా అరగంట కేటాయించండి. నంబరును జెర్సీకి గుచ్చేటప్పుడు జెర్సీని చదునుగా బల్ల మీద పరిచి గుచ్చితే, రేపు ఒంటి మీద బట్ట సాగినప్పుడు నంబరు బిగుసుకుపోతుంది, లేదా తెరచాపలా గాలి నింపుకుంటుంది. జెర్సీని ఒక దిండుకు తొడిగి గుచ్చండి. అప్పుడు వీపు వంపు ఎలా ఉంటుందో అలాగే కూర్చుంటుంది. పిన్నీసును కాగితంలోంచి లోపలికి గుచ్చి, బట్టను పట్టుకుని, మళ్లీ కాగితంలోంచే బయటికి తీయండి. మూలకొకటి, మధ్యమధ్య ఒకటి చొప్పున ఎనిమిది పిన్నీసులు. వెనక జేబుల మూతి మీదుగా మాత్రం గుచ్చకండి. ఆదివారం రేసు మధ్యలో చెయ్యి జేబులోకి పోక తిండి అందదు.

పనయ్యాక అరచేతితో నంబరు మీద నిమిరి చూడండి. ఎక్కడా లేవకపోతే సరిగ్గా కుదిరినట్టే.

సంచిలో మూడు జతల షార్ట్స్ పెట్టుకోండి, రేసుకొకటి. చెమట ఆరిన షార్ట్స్‌నే మళ్లీ తొడిగితే ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, అప్పుడు ఆదివారం సీటు మీద కూర్చోలేరు. ఇవికాక రెండు ట్యూబులు, పంపు, గొడుగో చిన్న డేరానో, మడత కుర్చీ, సరిపడా నీళ్లు, ప్రథమ చికిత్స సామాన్లు. నిద్ర సరిగా పట్టకపోయినా భయపడకండి. రేసు ముందు రాత్రి టెన్షన్‌తో నిద్ర తగ్గడం అందరికీ ఉంటుంది. గురువారం రాత్రి బాగా పడుకుంటే అదే కాపాడుతుంది.

5. శనివారం పొద్దున: టైమ్ ట్రయల్

మీ స్టార్ట్ టైముకు గంటన్నర ముందు చేరండి. రేసు ఎంత చిన్నదైతే వార్మప్ అంత పొడుగ్గా ఉండాలి. 15, 20 నిమిషాల టైమ్ ట్రయల్‌కు కనీసం 25 నిమిషాల వార్మప్ కావాలి. మొదట తేలిగ్గా, తర్వాత రేసు వేగానికి దగ్గరగా రెండు మూడు నిమిషాలు, ఆఖర్న రెండు చిన్న స్ప్రింట్లు. ఐదు నిమిషాల ముందు లైను దగ్గర ఉండండి. మీ టైముకు మీరు లేకపోయినా గడియారం మొదలైపోతుంది.

లైను దగ్గర ఒకరు వెనక నుంచి సీటు పట్టుకుంటారు, మీరు రెండు కాళ్లూ పెడల్లో బిగిస్తారు. మొదటిసారి ఇది వింతగా ఉంటుంది. ఆ చేతిని నమ్మండి, బ్రేకులు పట్టుకుని కదలకుండా ఉండండి. లెక్క ఐదు నుంచి మొదలవుతుంది. మూడు దగ్గర ఊపిరి తీసుకుని, ఒకటి దగ్గర బ్రేకు వదలండి.

ఇక్కడే నూటికి తొంభైమంది చేసే తప్పు జరుగుతుంది. మొదటి రెండు నిమిషాలూ ఒళ్లు తేలిగ్గా, చాలా సులువుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ సులువును నమ్మకండి. ఊపిరి, గుండె వేగం ఇంకా అసలు శ్రమను అందుకోలేదు, అంతే. పవర్ మీటర్ (తొక్కే బలాన్ని కొలిచే పరికరం) ఉంటే మొదటి మూడు నిమిషాలు మీ లక్ష్యానికి ఐదు శాతం తక్కువలో ఉండండి. లేకపోతే ఊపిరిని చూసుకోండి. మొదటి మూడో వంతులో రెండు మూడు మాటలు కలిపి అనగలగాలి, మధ్య మూడో వంతులో ఒక్క మాట, ఆఖరి మూడో వంతులో ఒక్క మాటైనా రాకూడదు.

రేసు మొత్తం గాలితోనే. గాలిని చీల్చడానికి కావలసిన పవర్ వేగానికి ఘనంగా, అంటే మూడో ఘాతంలో పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల నుంచి 40కి వెళ్లాలంటే గాలి మీద పెట్టాల్సిన శక్తి రెండు రెట్లు దాటిపోతుంది. అందుకే తల దించి, భుజాలు చెవుల దగ్గరికి ముడిచి, మోచేతులు లోపలికి పెట్టుకుని తొక్కడం వల్ల ఖర్చు లేకుండానే సెకన్లు వస్తాయి. 1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు వెర్సాయ్ నుంచి పారిస్‌కు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. అప్పటికి ముందంజలో ఉన్న ఫ్రాన్స్ రైడర్ లారాన్ ఫిన్యోన్ కంటే మొత్తం టైమ్‌లో 50 సెకన్లు వెనకబడి మొదలుపెట్టిన అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ ముందుకు చాచిన ఏరో హ్యాండిల్ మీద మోచేతులాన్చి, గాలికి అనువైన హెల్మెట్ పెట్టుకుని తొక్కాడు. ఫిన్యోన్ అలాంటి ఏరో హ్యాండిల్ లేకుండా, తలకేమీ పెట్టుకోకుండా తొక్కాడు. లెమాండ్ ఆ రోజు 58 సెకన్లు ముందున్నాడు, మూడు వారాల రేసును 8 సెకన్లతో గెలిచాడు. తనకు మధ్యలో టైమ్ తేడాలు చెప్పొద్దని కూడా ముందే అన్నాడు. మీరూ ముందు వెళ్లినవాళ్ల మీద, వెనక నుంచి వచ్చేవాళ్ల మీద దృష్టి పెట్టకండి. ఎవరైనా దాటి వెళ్తే వాళ్ల వెనక గాలిచాటున చేరడం రూల్స్‌కు విరుద్ధం. దూరం పాటించండి, మీ బలానికి మీరు కట్టుబడండి.

ఎదురుగాలిలోనూ ఎత్తు మీదా కొంచెం ఎక్కువ బలం, వెనక గాలిలోనూ పల్లంలోనూ కొంచెం తక్కువ. నెమ్మదిగా సాగే చోటే ఎక్కువ టైమ్ గడుస్తుంది, కాబట్టి అక్కడ పెట్టిన బలానికే ఫలితం ఎక్కువ.

6. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య

నా మొదటి వారాంతం చెడింది ఇక్కడే. టైమ్ ట్రయల్ తొమ్మిదిన్నరకు ముగిసి, క్రిటీరియం ఐదింటికి ఉందనుకుని చెబుతాను.

లైను దాటగానే దిగిపోకండి. పది పదిహేను నిమిషాలు చిన్న గేరులో తేలిగ్గా తొక్కండి. తడి బట్టలు వెంటనే మార్చండి. మొదటి అరగంటలో తినడం మొదలుపెట్టండి. రెండో రేసు అదే రోజు ఉన్నప్పుడు, మొదటి కొన్ని గంటల్లో గంటకు ఒక్కో కిలో శరీర బరువుకు సుమారు ఒక గ్రాము పిండిపదార్థం లెక్క. 70 కిలోల మనిషికి గంటకు 70 గ్రాములు. అన్నం, బ్రెడ్, బంగాళాదుంపలు, అరటిపండ్లు, ఏదైనా సరే, మీ కడుపుకు అలవాటైనది. దానితోపాటు 20, 25 గ్రాముల ప్రొటీన్ అందేలా చూడండి. కొవ్వు, పీచు ఎక్కువున్నవి అరగడానికి టైమ్ పడుతుంది, వాటిని ఆదివారం సాయంత్రానికి వాయిదా వేయండి. పెద్ద భోజనం మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోవాలి, రేసుకు మూడు గంటల గడువు మిగలాలి.

నీళ్లు ఒక్కసారిగా కాకుండా గుక్కగుక్కగా, ఎండ ఉంటే కొంచెం ఉప్పుతో. మూత్రం రంగు లేత పసుపుకు వచ్చిందంటే సరిపోయినట్టే.

తిన్నాక నీడలో పడుకోండి. నిద్ర రాకపోతే కళ్లు మూసుకుని కాళ్లు పైకి పెట్టుకోండి. స్నేహితులు పిలుస్తారు, ఇంకో కేటగిరీ ఫైనల్ జరుగుతూ ఉంటుంది, ఫలితాల కాగితం అతికిస్తారు. ఒక్కోదానికి లేచి వెళ్లి వచ్చేసరికి మూడు గంటలు నిలబడే గడిచిపోతాయి. ఫలితం ఎవరినైనా చూసి చెప్పమనండి. నేను ఇప్పుడు మడత కుర్చీ లేకుండా రేసుకు వెళ్లను.

7. శనివారం సాయంత్రం: క్రిటీరియం

మూడింట్లో దీన్నే నేర్చుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టింది, కాబట్టి దీన్నే వివరంగా చెబుతాను.

ముందుగా, వీలున్నప్పుడు, ఆ చుట్టు మీద నెమ్మదిగా రెండు రౌండ్లు వేయండి. ప్రతి మలుపు లోపలి అంచున ఏముందో చూడండి: మ్యాన్‌హోల్ మూత, ఇసుక, పెయింట్ గీత, గతుకు. గాలి ఏ వైపు నుంచి వస్తోంది, ఆఖరి మలుపు నుంచి ముగింపు గీతకు ఎంత దూరం. ఈ చివరి సంగతిని కాళ్లతో లెక్కపెట్టుకోవచ్చు, ఎన్ని పెడల్ తిప్పులో.

స్టార్ట్ లైనులో మొదటి రెండు వరుసల్లో నిలబడండి. దానికోసం పది నిమిషాలు ముందే వార్మప్ ఆపాల్సి వచ్చినా సరే. ఎందుకో లెక్కతో చెబుతాను. యాభై మంది గుంపు మలుపులోకి వెళ్తోందనుకోండి. ముందున్నవాళ్లు వేగం కొంచెమే తగ్గించి, ఒకే దారి, అంటే తమ గీత, పట్టుకుని తిరిగిపోతారు. వాళ్ల వెనకవాళ్లు ఇంకొంచెం బ్రేకు పడతారు, వాళ్ల వెనకవాళ్లు ఇంకా ఎక్కువ. తోకలో ఉన్నవాళ్లు దాదాపు ఆగినంత పనిచేసి, ముందువాళ్లు అప్పటికే వేగం అందుకుంటే, వాళ్లను పట్టుకోవడానికి లేచి తొక్కాలి. నాలుగు మలుపుల చుట్టు, ముప్ఫై రౌండ్లు అంటే తోకలోవాళ్లకు 120 స్ప్రింట్లు. మొదటి పదిహేను మందిలో ఉన్నవాళ్లు అదే రేసును సగం కష్టంతో తొక్కుతారు. వెనక ఉంటే విశ్రాంతి అనుకోవడం కొత్తవాళ్లను ముంచే పొరపాటు.

ముందుండాలి గానీ అందరికంటే ముందు కాదు. గుంపు తలలో గాలిని చీల్చేవాళ్లతో పోలిస్తే చక్రం వెనక ఉన్నవాళ్లకు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా శక్తి మిగులుతుంది. ఐదు నుంచి పన్నెండో స్థానం మధ్య చోటు వెతుక్కోండి. గుంపు నీళ్లలా కదులుతూనే ఉంటుంది. మీరు ఊరికే ఉంటే పక్కల నుంచి అందరూ దాటి, తెలియకుండానే తోకకు చేరతారు. కాబట్టి రౌండుకు రెండు మూడు స్థానాలు, వేగం తగ్గిన చోట, పక్క నుంచి ముందుకు వస్తూ ఉండాలి.

మలుపు తిరగడం. బ్రేకు మలుపుకు ముందే, తిరిగేటప్పుడు కాదు. చేతులు హ్యాండిల్ కింది వంపులో. లోపలి వైపు పెడల్ పైకి, బయటి వైపు పెడల్ కిందికి, బరువంతా ఆ బయటి కాలు మీద. చూపు మలుపు బయటికి పోయే చోట. ముందు చక్రం వంక చూశారా, అటే పోతారు. ఒంటరిగా అయితే బయటి అంచు నుంచి లోపలికి, మళ్లీ బయటికి వెడల్పుగా తీసుకోవచ్చు. గుంపులో మాత్రం మీకు దక్కిన గీతలోనే తిరగాలి. మీ పక్కన ఒకరున్నారు, వాళ్ల పక్కన ఇంకొకరు. మధ్యలో ఒక్కరు గీత మార్చినా వరుసంతా కూలుతుంది.

గుంపులో పడిపోవడానికి పెద్ద కారణం చక్రాలు ఒకదాని పక్కకు ఒకటి చేరడం. మీ ముందు చక్రం ఎదుటివారి వెనక చక్రం పక్కకు వచ్చిందనుకోండి. వాళ్లు గతుకు తప్పించుకోవడానికి జానెడు జరిగితే చాలు, మీ చక్రాన్ని ఒరుసుకుంటుంది. వాళ్లకు దాదాపు ఏమీ కాదు, పడేది మీరే. నాకు ఒకసారి తగిలింది. రబ్బరు మీద రబ్బరు రాసుకునే ఆ బర్రుమనే చప్పుడు చెవికంటే ముందు అరచేతుల్లో తెలిసింది, హ్యాండిల్ వణికింది. అదృష్టం కొద్దీ, అంతకు ముందు నెలలో గడ్డి మీద స్నేహితుడితో నెమ్మదిగా చక్రాలు తగిలిస్తూ సాధన చేసి ఉన్నాను. దూరం లాక్కోవాలని ఒళ్లు కోరుకుంటుంది, అలా లాగితే పడిపోతాం. తగిలిన వైపుకే కొంచెం ఒరిగి, తొక్కడం ఆపి, నెమ్మదిగా వెనక్కి జారాలి. ఈ సాధన గడ్డి నేల మీద మీరూ చేయండి. పడినా దెబ్బ తగలదు.

మొదటి పది నిమిషాలు విపరీతమైన వేగం ఉంటుంది. ఊపిరాడటం లేదనిపిస్తుంది. ఓర్చుకోండి, గుంపు తప్పకుండా ఒకచోట తెరిపిన పడుతుంది. మధ్యలో గంట మోగితే అది ఆ రౌండుకు మాత్రమే ఉండే బహుమతి కోసం. ఆదివారం రేసు ఉంది కాబట్టి దాని వెంట పడకండి. అయితే ఆ స్ప్రింట్ తర్వాత గెలిచినవాళ్లు అలిసి వేగం తగ్గిస్తారు. విడిపోయి ముందుకెళ్లాలనుకునేవాళ్లు సాధారణంగా ఎంచుకునేది ఆ క్షణమే. అది చూస్తూ ఉండండి.

పంక్చరైతే, మినహాయింపు రౌండు ఉన్న రేసుల్లో, వెంటనే పిట్ దగ్గరికి, అంటే చక్రాలు మార్చే చోటికి, వెళ్లండి. చక్రం మార్చి మీరున్న గుంపులోనే మళ్లీ కలుపుతారు. చివరి రౌండ్లలో ఈ వెసులుబాటు ఉండదు.

చివరి మూడు రౌండ్లలో మీ స్థానమే మీ ఫలితం. ఆఖరి మలుపు ముగింపు గీతకు దగ్గరగా ఉంటే, ఆ మలుపులో ఐదో స్థానం దాటి ఉన్నవాళ్లు గెలవడం కష్టం. కాళ్లలో బలం లేదనిపిస్తే ముందు వరుసకు అడ్డుపడకుండా ఒక పక్కన, గీత తప్పకుండా తొక్కి ముగించండి. కొత్తగా దిగినవాళ్లకు ఒంటి మీద గీత పడకుండా గుంపుతోపాటు ముగించడమే మంచి ఫలితం.

8. శనివారం రాత్రి

పది నిమిషాలు తేలిగ్గా తొక్కడం, వెంటనే తిండి, స్నానం. ఈ రాత్రి భోజనంలో పిండిపదార్థం మామూలుకంటే ఎక్కువ ఉండాలి. సైకిల్ తుడిచి, టైర్లు మళ్లీ వేలితో తడిమి, చైన్‌కు ఆయిల్ వేయండి. రేసులో ఎవరితోనైనా మాటామాటా వచ్చి ఉంటే ఈ రాత్రే వెళ్లి మాట్లాడి తేల్చుకోండి. రేపు నాలుగు గంటలు వాళ్ల పక్కనే తొక్కాలి. తొమ్మిదిన్నరకల్లా దీపం ఆర్పేయండి.

9. ఆదివారం: రోడ్ రేస్

లేవగానే కాళ్లు బరువుగా ఉంటాయి, మెట్లు దిగుతుంటే పిక్కలు లాగుతాయి. దాన్ని చూసి రేసు మానుకోవద్దు. అందరి కాళ్లూ అలాగే ఉన్నాయి. రేసుకు మూడు గంటల ముందు తినండి. వార్మప్ పది నిమిషాలు చాలు, మిగతాది రేసే చేసిపెడుతుంది.

మొదటి ముద్ద 20 నిమిషాలకే తినాలి, ఆకలి కోసం ఎదురుచూడకూడదు. నిన్నటి రెండు రేసుల తర్వాత కండరాల్లో నిల్వ పూర్తిగా నిండి ఉండదు. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం కనీసం, అలవాటుంటే 90 దాకా. సైకిల్ కంప్యూటర్‌లో 20 నిమిషాలకొకసారి మోగేలా పెట్టుకోండి. గుంపు నిదానంగా ఉన్నప్పుడు, వెనక వైపు పక్కగా ఉండి తినండి. ఎత్తు ఎక్కబోయే ముందు నోట్లో ముద్ద ఉండకూడదు. చిరిగిన కవరు రోడ్డు మీద పారేయకుండా షార్ట్స్ కాలి అంచులో దోపుకోండి.

ముందుకొచ్చి లాగాల్సి (గాలిని చీలుస్తూ గుంపును నడిపించాల్సి) వచ్చినప్పుడు 15, 20 సెకన్లు లాగి పక్కకు తప్పుకోండి. తలలోకి రాగానే వేగం పెంచకండి. ముందున్నవాళ్లు ఏ వేగంలో వదిలారో అదే. మంచి కాళ్లున్న రోజున ఇది చాలా కష్టం. ఒకసారి నేను మొదటి గంటంతా ఉత్సాహంగా ముందుండి లాగాను. రెండో గంటలో ఎత్తు వచ్చింది. నా వెనక గాలిచాటున వచ్చినవాళ్లందరూ ఒక్కొక్కరే దాటి వెళ్లారు.

ఎత్తు దగ్గరపడుతుండగా గుంపు ముందుకు చేరండి. మీరు నెమ్మదిగా ఎక్కేవారైతే, ముందు మొదలుపెట్టి ఎక్కుతూ ఒక్కో స్థానమే వెనక్కి జారినా, పైకి చేరేసరికి గుంపు తోకలోనైనా ఉంటారు. వెనక మొదలుపెడితే తెగిపోతారు. శిఖరం దగ్గర చాలామంది ఊపిరి పీల్చుకోవడానికి తొక్కడం ఆపుతారు. మీరు ఇంకో ఇరవై తిప్పులు తొక్కండి, తెగిపోయే చోటు ఎక్కువగా అదే. పల్లంలో చేతులు కింది వంపులో, చూపు దూరంగా. సీటు వదిలి పై గొట్టం మీద కూర్చుని దిగడాన్ని యూసీఐ 2021లోనే నిషేధించింది. ఔత్సాహికులకు అది అసలే వద్దు.

పక్కగాలి ఉంటే గుంపు నేరుగా సాగదు, ఏటవాలుగా పరుచుకుంటుంది. ప్రతివాళ్లూ ముందువాళ్ల చాటున గాలి తగలని వైపుకు జరుగుతారు. రోడ్డు వెడల్పు అయిపోయాక మిగిలినవాళ్లు అంచున ఒకే వరుసలో, గాలిచాటు లేకుండా నలుగుతారు. ఆ అంచులో ఇరుక్కుంటే వేలాడుతూ ఉండకండి. వెనక ఉన్న పదిమందిని పిలిచి రెండో ఏటవాలు వరుస కట్టండి. వంతులవారీగా లాగితే ముందు గుంపు కనుచూపు మేరలోనే ఉంటుంది. రోడ్డు మూసేయని రేసుల్లో మధ్య గీత దాటితే అనర్హత. రూల్ సంగతి అటుంచి, ఎదురుగా వాహనం వస్తుంది.

ముగింపు గీతకు మూడు కిలోమీటర్ల ముందు నుంచి అందరూ ముందుకు తోసుకొస్తారు. ఒక మంచి చక్రం ఎంచుకోండి, అంటే నిన్న సాయంత్రం గీత తప్పకుండా స్ప్రింట్ చేసినవారి చక్రం. రెండు రోజుల రేసుల్లో ఇదొక లాభం, ఎవరు ఎలా తొక్కుతారో అప్పటికే తెలిసిపోతుంది. గేరు ముందే సరిచేసుకోండి. ఎదురుగాలి అయితే వీలైనంత ఆలస్యంగా, 150 మీటర్ల దగ్గర బయటికి రండి. వెనక గాలి అయితే 200, 250 నుంచే మొదలుపెట్టవచ్చు. తల పైకే ఉంచండి, మీ దారి మార్చకండి, ముగింపు గీత దాటాక ఒక్కసారిగా బ్రేకు పట్టకండి. వెనకవాళ్లు ఇంకా పూర్తి వేగంలోనే వస్తుంటారు.

10. పడితే

ముందు రోడ్డు మీద నుంచి పక్కకు రండి. తలకు దెబ్బ తగిలి తలనొప్పి, తికమక, వాంతి వచ్చినట్టు ఉండటం, కళ్లు మసకబారడం వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రేసు అక్కడితో ఆగాలి, డాక్టరు చూడాలి. ఎవరూ వద్దనకపోయినా మీరే ఆపేయండి. శనివారం పడితే ఆదివారం కూడా లేనట్టే. నేల తగిలిన హెల్మెట్‌ను, పైకి బాగానే కనిపించినా, మళ్లీ వాడకండి.

చర్మం దోక్కుపోతే శుభ్రమైన నీటితో, తేలికపాటి సబ్బుతో మట్టి మొత్తం పోయేదాకా కడగాలి. మండుతుంది, అయినా కడగాలి. పైన అంటుకోని రకం కట్టు వేయండి. సైకిల్‌లో హ్యాండిల్, ముందు ఫోర్కు, చక్రాలు, హ్యాంగర్ చూడండి. కార్బన్ భాగంలో పగులు ఉందేమోనన్న అనుమానం వస్తే తెలిసినవాళ్లకు చూపించేదాకా ఎక్కకండి.

11. ఆదివారం సాయంత్రం

ఇంటికి చేరాక, మర్చిపోకముందే ఒక పుస్తకంలో రాసుకోండి. ఏ రేసు ఎప్పుడు చేతిలోంచి జారింది, ఆ క్షణానికి రెండు గంటల ముందు ఏం తిన్నారు, ఎక్కడ నిలబడ్డారు, టైర్లలో ఎంత గాలి ఉంది. నా పుస్తకంలో మొదటి వారాంతానికి రాసుకున్నది మూడు ముక్కలే: మధ్యాహ్నం తినలేదు, కుర్చీ లేదు, తోకలో మొదలుపెట్టాను.

సోమవారం సైకిల్ ఎక్కొద్దు, కాసేపు నడవండి. మంగళవారం నుంచి తేలిగ్గా తొక్కవచ్చు. పిన్నీసులు మాత్రం ఒక చిన్న డబ్బాలో ఎనిమిదీ లెక్కపెట్టి దాచుకోండి.